ఇంజను మారింది, సీబుక్కు మారలేదు

తిరుచానూరులో అమ్మవారి గుడి చుట్టూ వీధులు తెల్లవారకముందే మేలుకుంటాయి. పూలబుట్టలు దించే ఓమ్నీలు, టిఫిన్ అంగళ్లకు పిండి డబ్బాలు మోసే టాటా ఏస్‌లు, రేణిగుంట స్టేషన్ నుంచి యాత్రికులను తెచ్చే ట్రావెలర్లు, పెళ్లి వంటల డేగిసాలు కట్టుకొని చంద్రగిరి వైపు పోయే పాత వ్యాన్లు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి. వాటిలో ఏపీ 03 నంబరు ఉన్నవాటిని గమనించండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరుస వచ్చింది. కాబట్టి ఏపీ 03 అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అంతకుముందు రిజిస్టరైన బండి. ఇలాంటి పాత బండ్లలో కొన్నింటికి సీటు కింద తిరుగుతున్న ఇంజను ఒకటి, సీబుక్కులో, అంటే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లో, రాసి ఉన్న ఇంజను ఇంకొకటి. మెకానిక్‌కు ఈ సంగతి తెలుసు, ఓనరుకు తెలుసు, చాలాసార్లు ఇన్సూరెన్సు ఏజెంటుకూ తెలుసు. తెలియనిది రిజిస్టరుకు మాత్రమే.

మా ఇంటి బండి కూడా ఒకప్పుడు ఆ జాబితాలోనే ఉండేది. 2004 నాటి ఓమ్నీ అది. 2017 ఎండాకాలంలో బెంగళూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్ దగ్గర వేడెక్కి ఆగిపోయింది. రేడియేటర్లో నీళ్లు పోసి, చల్లారాక మళ్లీ తోలారు. ఇల్లు చేరాక ఇంజను పూర్తిగా పట్టేసింది. మెకానిక్ హెడ్ విప్పి చూసి, బ్లాకు పగిలింది, బోరు చేయించినా నిలవదన్నాడు. వారం తర్వాత చెన్నై పుదుపేట తుక్కు బజారు నుంచి అదే రకం ఇంజను తెచ్చి ఎక్కించాడు. బండి కొత్తదానిలా లాగింది. బిల్లు ఏదని మా నాయన అడిగితే, "పుదుపేటలో బిల్లెవరిస్తారు సామీ, ఇంజను బాగుందా లేదా చూసుకోండి" అన్నాడు. నాయన ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను.

రెండేళ్లకు బండికి 15 ఏళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ పొడిగింపుకు తీసుకెళ్తే, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింట్ తీయించాడు. తర్వాత సీటు ఎత్తించి ఇంజను నంబరు చదివాడు. సీబుక్కుతో కలవలేదు. ఆ రోజు మా నాయన ముఖంలో దొంగతనం అంటగట్టినప్పుడు కనిపించే నిస్సహాయత చూశాను. ఏ దొంగతనమూ చేయని మనిషి ఆయన. చేసిందల్లా ఒక కాగితం అడగడం మానేయడం. ఆ కాగితం కోసం రెండుసార్లు చెన్నై తిరిగాం. అఫిడవిట్ రాయించాం. కొన్ని నెలలకు కొత్త నంబరు సీబుక్కులో ఎక్కింది. ఇంటికొచ్చి పాత పాలసీలు తీసి చూస్తే నాకు నిజంగా భయమేసింది. ఆ రెండేళ్లూ మేము ప్రీమియం కట్టింది మా బండిలో లేని ఇంజను నంబరు మీద. ఆ కాలంలో ఎవరికైనా తగిలించి ఉంటే? ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మొదలు.

పాత వ్యాను ఇంజను ఎందుకు మారుస్తారన్నది ముందు చూద్దాం. సరదాకి మార్చేవాళ్లు మన వైపు అరుదు. ఓమ్నీది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. ఎనిమిది మందినో, అంత బరువు సరుకునో ఎక్కించి భాకరాపేట ఘాటో మొగిలి ఘాటో ఎక్కిస్తే, అందులోనూ మే నెల ఎండలో, అది ఎంతకాలం ఓర్చుకుంటుంది? హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఆయిల్ తాగడం మొదలవుతుంది, చివరికి పట్టేస్తుంది. అప్పుడు ఓనరు ముందు మూడు దారులుంటాయి. ఉన్న బ్లాకునే బోరు చేయించి పిస్టన్లు, రింగులు మార్చడం మొదటిది. బ్లాకు, క్రాంకు, పిస్టన్లు కలిసి వచ్చే హాఫ్ ఇంజను వేయించడం రెండోది. తుక్కు బజారు నుంచి నిండు ఇంజను తెచ్చి ఎక్కించడం మూడోది.

ఈ మూడింటి మధ్య తేడా మెకానిక్‌కు డబ్బుల్లో కనిపిస్తుంది. చట్టానికి నంబరులో కనిపిస్తుంది. ఇంజను నంబరు ఉండేది బ్లాకు మీద. బోరు చేయించినా, హెడ్ మార్చినా, కార్బొరేటర్ మార్చినా ఆ నంబరు అలాగే ఉంటుంది, అది మరమ్మతు. బ్లాకు మారిందంటే నంబరు మారినట్టే. హాఫ్ ఇంజను వేయించుకున్నవాళ్లలో చాలామంది తమది మరమ్మతే అనుకుంటారు. అది పొరపాటు. కొందరు మెకానిక్‌లు పాత నంబరునే కొత్త బ్లాకు మీద కొట్టించేస్తామంటారు. ఆ మాట వింటే బండి అక్కడి నుంచి తీసుకొచ్చేయండి. అనుమతి లేకుండా నంబరు కొట్టించిన క్షణం నుంచి మీ మరమ్మతు పోలీసు కేసుకు సరుకవుతుంది.

ఇక చట్టం సంగతి. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి వచ్చింది. బండిలో మార్పుల గురించి చెప్పేది అందులోని 52వ సెక్షన్. మొదట్లో అది సరళంగా ఉండేది. మార్పు చేసే ముందు అధికారికి తెలియజేసి, ఆమోదం తీసుకోవాలని చెప్పేది. ఆ రోజుల్లో పెట్రోలు అంబాసిడర్లకు, పద్మినీలకు డీజిల్ ఇంజన్లు ఎక్కించి టాక్సీలుగా తిప్పినవాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. పెట్రోలుకూ డీజిలుకూ ధరలో అంత తేడా ఉండేది మరి. ఆమోదం తీసుకొని సీబుక్కులో రాయించుకున్నవాళ్లకు చిక్కులేదు.

2000 సంవత్సరంలో సెక్షన్ మారింది. ఆగస్టు 11 నుంచి అమలైన సవరణ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు సీబుక్కు వివరాలు భిన్నమయ్యేలా ఏ ఓనరూ బండిని మార్చకూడదు. ఆమోదం అడిగినా ఇవ్వడానికి లేని మార్పులు చాలా వచ్చాయన్న మాట. పెద్ద మినహాయింపు ఒకటే: వేరే ఇంధనంతో నడిపేందుకు, అంటే సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ లాంటివాటికి, నిబంధనల ప్రకారం ఆమోదం పొందిన కిట్ అమర్చుకోవడం. తాత కాలం నాటి అలవాటుతో ఈనాటికీ ఓమ్నీలో ఈకో ఇంజను, జీపులో ఇంకేదో డీజిల్ ఇంజను ఎక్కించేవాళ్లు ఈ మార్పును గుర్తించలేదు.

ఆ సెక్షన్లోని రెండో ఉపవిభాగం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కనీసం పది రవాణా వాహనాలున్న వ్యక్తికి, అదే తయారీ, అదే రకం ఇంజను వేసుకోవడానికి ముందస్తు ఆమోదం అక్కర్లేదని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా వెసులుబాటు ఇవ్వవచ్చు. మార్చిన పద్నాలుగు రోజుల్లో సీబుక్కు, ఫీజు పట్టుకొని వెళ్లి తెలియజేస్తే చాలు. పది బండ్లున్న ట్రావెల్స్ యజమాని గురించి చట్టం ఇంత స్పష్టంగా మాట్లాడింది. ఒక్క బండితో బతికే పూల వ్యాపారి గురించి ఏం చెప్పింది? నేరుగా ఒక్క వాక్యం లేదు. పది బండ్లవాడికి ఆమోదం "లేకుండా" కుదురుతుందంటే, మిగిలినవాళ్లకు ఆమోదం "తీసుకొని" కుదురుతుందని మనమే ఊహించుకోవాలి. ఆ ఊహ సరైనదే. అదే తయారీ, అదే రకం ఇంజను వేస్తే సీసీ మారదు, ఇంధనం మారదు, సిలిండర్లు మారవు. తయారీదారు చెప్పిన వివరాల్లో దేనికీ భంగం లేదు, మారేది ఒక్క నంబరు. రవాణా కార్యాలయాల్లో జరుగుతున్నదీ అదే. తనిఖీ చేసి, కాగితాలు చూసి, కొత్త నంబరు ఎక్కిస్తారు. కానీ హక్కును ఊహ ద్వారా తెలుసుకోవలసిన పరిస్థితిలో పేదవాడు ఏజెంటు చేతిలో పడతాడు. అధికారికి కూడా అనుమానం వస్తే కాదనడమే సులువు.

సుప్రీంకోర్టు 2019 జనవరి 9న కె. జయచంద్ర కేసులో ఇచ్చిన తీర్పు ఈ సెక్షన్‌కు ఇప్పుడు ఆధారం. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్ ధర్మాసనం కేరళ హైకోర్టు అభిప్రాయాన్ని తోసిపుచ్చి, తయారీదారు ఇచ్చిన మూల వివరాలు మారేలా బండిని మార్చడానికి వీల్లేదని, రాష్ట్ర నిబంధనలు 52వ సెక్షన్‌కు లోబడే ఉండాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చినప్పుడు పత్రికల్లో వెడల్పు టైర్లు, పెద్ద సైలెన్సర్ల గురించే ఎక్కువ చర్చ జరిగింది. దాని అసలు బరువు పడింది పని బండ్ల మీద. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలైన సవరణ 182-ఎ సెక్షన్‌ను కొత్తగా రాసింది. చట్టం ఒప్పుకోని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకన్నా భయపడవలసింది 55వ సెక్షన్లోని ఐదో ఉపవిభాగానికి. బండి మీద ఉన్న ఇంజను నంబరు గానీ ఛాసిస్ నంబరు గానీ సీబుక్కుతో కలవకపోతే, ఓనరు చెప్పుకునేది విన్నాక రిజిస్ట్రేషన్నే రద్దు చేయవచ్చు. జరిమానా కట్టి బయటపడవచ్చు. రిజిస్ట్రేషన్ పోతే బండి తుక్కే.

ఇంత కఠినం ఎందుకంటారా? కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. దొంగిలించిన బండ్లు రూపు మారేది ఈ దారిలోనే. ప్రమాదంలో నుజ్జయిన బండి కాగితాలు కొని, ఆ నంబర్లను దొంగ బండికి తగిలించడం పాత మోసం. దొంగ బండిని విప్పి ఇంజను విడిగా అమ్మేయడం అంతకన్నా సులువు. బిల్లు లేకుండా మనం కొన్న ఇంజను కోసం ఏ ఊళ్లోనో ఒకాయన పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ఉండవచ్చు. జాతీయ నేర రికార్డుల బ్యూరో వాళ్ల వాహన్ సమన్వయ్ సేవలో ఇంజను నంబరు ఇచ్చి, అది దొంగతనం కేసుల్లో ఉందో లేదో చూసుకునే వీలుంది. ఇంజనుకు డబ్బులిచ్చే ముందు ఈ ఒక్క పని చేస్తే చాలు, సగం భయం తీరిపోతుంది. మేము చేయలేదు, ఇలాంటిది ఉందని మాకు ఎవరూ చెప్పలేదు.

పొగ మాటకొస్తే, మన దేశంలో భారత్ స్టేజ్ ప్రమాణాలు మెట్టుమెట్టుగా బిగుసుకున్నాయి. 2010 నాటికి మూడో దశ, 2017 ఏప్రిల్‌లో నాలుగు, 2020 ఏప్రిల్ 1 నుంచి ఆరు దేశమంతటా అమలయ్యాయి. పాత బండిలో కొత్త ఇంజను వేస్తే పొగ తగ్గుతుంది గదా అని కొందరు అడుగుతారు. మాట సబబుగానే తోస్తుంది. కానీ కొత్త ఇంజను ఒంటరిగా పనిచేయదు. దాని కంప్యూటరు, సెన్సర్లు, సైలెన్సరులోని క్యాటలిటిక్ కన్వర్టర్ అన్నీ ఒక జట్టు. తుక్కు బజారు నుంచి ఇంజను వస్తుంది గానీ జట్టు రాదు. వైరింగు తెంపి, సెన్సర్లు వదిలేసి తిప్పిన ఇంజను పాతదానికన్నా ఎక్కువ పొగ వదలవచ్చు. బ్రేకుల సంగతీ అంతే. 796 సీసీకి సరిపోయేలా చేసిన బ్రేకులు, సస్పెన్షను అంతకు రెట్టింపు బలానికి సరిపోతాయని ఎవరు హామీ ఇస్తారు? ఆ బండి తిరిగేది బడిపిల్లలు నడిచే రోడ్డు మీద. వేరే రకం ఇంజను విషయంలో చట్టం పెట్టిన అడ్డును నేను సమర్థిస్తాను.

వేరే దేశాలు ఈ చిక్కును ఎలా విప్పుకున్నాయో చూస్తే మనం నేర్చుకోదగ్గది ఉంది. బ్రిటన్‌లో బండిని భారీగా మార్చినప్పుడు పాత రిజిస్ట్రేషన్ నిలవాలంటే ఎనిమిది పాయింట్లుండాలనే నియమం చాలాకాలం నడిచింది. ఛాసిస్‌కు ఐదు, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేరుబాక్సు, స్టీరింగ్ ఒక్కోదానికి రెండు, ఇంజనుకు ఒకటే ఒక్క పాయింటు. బండి అంటే ప్రధానంగా ఛాసిస్ అన్నది వాళ్ల లెక్క. ఇంజను మారిస్తే కొత్త నంబరును రుజువులతో తెలియజేస్తే సరిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా పొగ వైపు నుంచి ఆలోచించింది. వేసే ఇంజను బండి సంవత్సరానిదో, అంతకన్నా కొత్తదో అయి ఉండాలి, దాని పొగ నియంత్రణ పరికరాలన్నీ వెంట రావాలి, ప్రత్యేక తనిఖీ కేంద్రంలో పాసవ్వాలి. రెండు చోట్లా ఓనరుకు రాతలో ఒక దారి ఉంది. ఫలానా కాగితాలు పట్టుకొని ఫలానా చోటికి వెళ్లమని ఉంటుంది. మన దగ్గర లేనిది ఆ రాత.

ఇన్సూరెన్సు దగ్గర విషయం మరింత సున్నితం. థర్డ్ పార్టీ పాలసీ లేకుండా రోడ్డెక్కకూడదని 146వ సెక్షన్ చెబుతుంది. ప్రీమియం ఎలా లెక్కేస్తారన్నది చాలామంది చూడరు. సొంత వాడకం కార్లు, వ్యాన్లకు అది ఇంజను సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 1000 సీసీ వరకు ఏడాదికి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 వరకు 3,416, ఆపైన 7,897. ఓమ్నీలో 1196 సీసీ ఈకో ఇంజను వేసి, పాత సీసీ మీదే ప్రీమియం కట్టినవాడు ఏడాదికి 1,322 రూపాయలు మిగుల్చుకున్నట్టు. ప్రమాదం జరిగిన రోజు ఆ 1,322 రూపాయలే కంపెనీ లాయరు చేతిలో ఆయుధం. ముఖ్యమైన సంగతి దాచిపెట్టి, లేదా తప్పుగా చెప్పి తీసుకున్న పాలసీ చెల్లదని వాదించే అవకాశాన్ని చట్టమే 150వ సెక్షన్లో కంపెనీకి ఇచ్చింది. సరుకు రవాణా బండ్లకు లెక్క వేరు. బరువును బట్టి ఉంటుంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండికి అవే రేట్లలో 16,049 రూపాయలు. అక్కడ సీసీ మారినా ప్రీమియం మారదు. కానీ పాలసీ మీద ఇంజను నంబరు ఉంటుంది, ఆ నంబరే బండికి గుర్తు.

అదే రకం ఇంజను వేసి నంబరు మాత్రం రాయించుకోనివాళ్ల గతేమిటి? అచ్చంగా ఈ చిక్కు మీద సుప్రీంకోర్టు తీర్పు ఫలానా అని నేను చూపలేను. చుట్టుపక్కల కేసులను బట్టి గాలి ఎటు వీస్తుందో చెప్పవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో, లైసెన్సు లోపాలున్నా ముందు బాధితుడికి కంపెనీ పరిహారం చెల్లించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చన్న సూత్రం బలపడింది. గాయపడినవాడికి అది ఊరట. ఓనరుకు కాదు, ఆ మొత్తం తిరిగి ఆయన ఇంటి మీదికే వస్తుంది. 2010లో అమలేందు సాహూ కేసులో పాలసీ షరతు ఉల్లంఘించినా క్లెయిమును పూర్తిగా కొట్టేయక 75 శాతం వరకు ఇచ్చే పద్ధతిని కోర్టు గుర్తించింది. 2014లో నరీందర్ సింగ్ కేసులో మాత్రం తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు తీరిన బండి ప్రమాదానికి గురైతే, అది పాలసీ మూలానికే విరుద్ధమని, కంపెనీ చెల్లించనక్కర్లేదని తేల్చింది. రిజిస్ట్రేషన్ లోపాన్ని కోర్టులు చిన్నదిగా చూడటం లేదని దీన్ని బట్టి తెలుస్తోంది. నంబరు కలవని బండి ఓనరు 75 శాతం ఆశించవచ్చేమో గానీ, సున్నాకు సిద్ధపడి ఉండాలి.

పాత బండ్లకు సొంత నష్టం పాలసీ ఎలాగూ కష్టమే. ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, ఓనరు మాట్లాడుకొని తేల్చుకోవాలి. పదిహేనేళ్లు దాటాక మన వైపు చాలామంది థర్డ్ పార్టీతో సరిపెట్టుకుంటారు. అది తప్పు కాదు. కానీ ఆ ఒక్క పాలసీ అయినా బండిలో ఉన్న ఇంజను మీద ఉండాలి. సీబుక్కులో కొత్త నంబరు ఎక్కగానే కంపెనీకి రాసి ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. ఏజెంటుకు ఫోన్లో చెప్పాననుకొని ఊరుకోవద్దు. అప్పట్లో మా ఏజెంటు "రెన్యువల్‌లో చూసుకుందాం లెండి" అని రెండేళ్లు దాటేశాడు. చెడ్డవాడు కాదాయన. ఆయన అజాగ్రత్తకు మూల్యం కట్టాల్సింది మాత్రం మేమే.

చట్టంలో కిట్ల దారి ఒకటి ఉందని పైన చెప్పాను. ఇంజను బాగుండి ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు చట్టబద్ధం. ఆమోదం ఉన్న కిట్ అయి ఉండాలి, సీబుక్కులో ఇంధనం మార్పు రాయించాలి, సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి, పాలసీలో కిట్ విలువ చేర్పించాలి. బ్యాటరీ కిట్ ఆలోచన మన ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాద్‌కు చెందిన ఈట్రియో సంస్థ పాత పెట్రోలు కార్లను విద్యుత్తుకు మార్చే కిట్లకు ఆమోదం తెచ్చుకుంది. తిరుమల ఘాట్ మీద 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. ఎత్తు ఎక్కడానికి విద్యుత్తు సరిపోదన్న అనుమానం ఈ ఊళ్లో ఇక ఎవరికీ లేదు. అయినా ఇరవై ఏళ్ల ఓమ్నీకి ఆమోదం పొందిన బ్యాటరీ కిట్ వేయించే స్థోమత పూలమ్ముకునేవాడికి ఉండదు. ఆయనకు దక్కేది పుదుపేట ఇంజనే.

అసలు పాత బండిని ఇంకా నడపాలా అన్నది చివరి ప్రశ్న. సొంత వాడకం బండికి పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి తేలికపాటి మోటారు బండికి ఆ ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. గ్రీన్ టాక్సు అదనం. రవాణా వాహనమైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. ప్రభుత్వం పాత బండ్లను తుక్కుకు పంపమని చెబుతోంది, 2021లో దానికి ఒక విధానమే తెచ్చింది. బండి రంధ్రాలు పడి, ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే ఆ మాట వినడమే మంచిది. అలాంటి బండిలో ఎంత మంచి ఇంజను వేసినా డబ్బు బూడిదలో పోసినట్టే. బాడీ గట్టిగా ఉండి, ఇంజను మాత్రమే పోయిన బండి వేరు. దాన్ని నడుపుకోనివ్వాలి. కొత్త వ్యాను వాయిదాలు కట్టలేని కుటుంబానికి అదే జీవనాధారం.

ఇప్పుడు ఇంజను మార్చబోయేవాళ్లకు అనుభవం మీద చెప్పే నాలుగు మాటలు. ఇంజను దించకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి ఆమోదం అడగండి. అదే తయారీ, అదే రకం తప్ప మరొకటి కొనవద్దు. అమ్మేవాడి దగ్గర ఇంజను నంబరు రాసిన బిల్లు, అది ఏ బండి నుంచి వచ్చిందో చూపే సీబుక్కు నకలు తీసుకోండి. ఇవ్వనంటే ఎంత చవకైనా వదిలేయండి. పాత ఇంజను విప్పే ముందు దాని నంబరును, ఎక్కించే ముందు కొత్తదాని నంబరును ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. బండి మీద ఫైనాన్సు ఉంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. ఇప్పటికే మార్చేసి రాయించనివాళ్లు పొడిగింపు గడువు దాకా ఆగకండి. అడగకముందే వెళ్లి చెప్పినవాడి మాటకు, పట్టుబడ్డాక చెప్పినవాడి మాటకు విలువలో తేడా ఉంటుంది. అది నేను కళ్లారా చూశాను.

రాష్ట్ర రవాణా శాఖకు ఒక విన్నపం. ఒకే బండి ఉన్న ఓనరు అదే రకం ఇంజను మార్చుకుంటే ఏయే కాగితాలు కావాలో, ఎన్ని రోజుల్లో నంబరు ఎక్కిస్తారో, ఫీజు ఎంతో తెలుగులో ఒక్క పేజీ రాయించి ప్రతి కార్యాలయం గోడ మీద అంటించండి. వేయించుకున్న ఇంజనుకు బిల్లు దొరకని నిజాయితీపరుడికి, నేర రికార్డుల తనిఖీ చేసి, ఒకసారి అఫిడవిట్‌తో నంబరు ఎక్కించుకునే గడువు ఇవ్వండి. చట్టాన్ని మార్చాల్సిన పని కూడా లేదు, ఉన్న దారిని కనిపించేలా చేస్తే చాలు.

మా ఓమ్నీ ఇంకా తిరుగుతూనే ఉంది. 2024లో రెండోసారి పొడిగింపుకు వెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ సీటు ఎత్తించి ఇంజను నంబరు చదివాడు, సీబుక్కు చూశాడు, పాలసీ చూశాడు. మూడింటిలోనూ ఒకే నంబరు ఉంది.